మిద్దె మీద కూరగాయలు: రోగి ఉన్న ఇంటివారికి కొన్ని సూచనలు

రోగిని ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతో పాటు డాక్టరు గారు దాదాపు ప్రతి కుటుంబానికీ చెప్పే మాట ఒకటుంది: “ఆకుకూరలు, కూరగాయలు సరిగా పెట్టండి.” వినడానికి ఇది చిన్న మాటే. కానీ పగలంతా రోగి పక్కనే ఉండవలసినవారికి బజారుకు వెళ్ళి రావడమే పెద్ద పని. మందులకూ పరీక్షలకూ డబ్బు ఖర్చయిన నెలలో ముందుగా తగ్గేది కూరల ఖర్చే.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. అంటే రోగికి సేవ చేస్తున్న తల్లికో, భార్యకో, కోడలికో కూడా మంచి ఆహారం అవసరమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, ఆకుకూరలతో కలిపి మనిషికి రోజుకు దాదాపు 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి ఇది ఒకటిన్నర కిలో పైమాటే.

మిద్దె మీద పెట్టే ఏడెనిమిది టబ్బులు ఈ అవసరమంతా తీర్చలేవు. వారానికి రెండుసార్లు తాజా ఆకుకూర, అప్పుడప్పుడు గుప్పెడు బెండకాయలు, చేతికందేంత దూరంలో పుదీనా, కొత్తిమీర మాత్రం ఇవ్వగలవు. జాగ్రత్తగా చూసుకుంటే ఇది రోగికీ, ఇంటివారికీ మేలు చేస్తుంది. అజాగ్రత్తగా ఉంటే అదే తోట రోగికి హాని కూడా చేయవచ్చు. అందుకే ఈ వ్యాసంలో పెంచే పద్ధతితో పాటు ఎవరు ఏమి తినాలి, ఎవరు మట్టి ముట్టకూడదు అన్నది కూడా వివరిస్తున్నాము.

బేగంబజారులో తోటా?

బేగంబజారు స్థలాన్ని రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. అప్పటి నుంచీ అది వ్యాపారుల పేట. కింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇళ్ళు అక్కడ చాలా కనిపిస్తాయి. ఇరుకు గల్లీలలో మొక్క నాటడానికి జానెడు నేల దొరకదు. కానీ ఇంటిపైన ఎండ ఉంది. కూరగాయ మొక్కకు ముఖ్యంగా కావలసింది రోజుకు 5, 6 గంటల ఎండే. ఆకుకూరలకు 3, 4 గంటలైనా సరిపోతుంది.

ఈ నగరంలో మిద్దె తోట కొత్త విషయం కాదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు ఉప్పల్ దాటాక వచ్చే నారపల్లిలో తమ ఇంటిపైన ఏళ్ళ తరబడి కూరగాయలు, పండ్లు పండించి, ఆ అనుభవాన్ని ‘మిద్దెతోట’ అనే పుస్తకంగా రాశారు. ఉద్యాన శాఖ కూడా నగరవాసులకు దీనిమీద శిక్షణ తరగతులు నిర్వహించింది.

ముందు కప్పు బలం చూసుకోండి

బేగంబజారు, ఉస్మాన్‌గంజ్, అఫ్జల్‌గంజ్ ప్రాంతాలలో పాత ఇళ్ళు చాలా ఉన్నాయి. కొన్నింటికి దూలాల మీద వేసిన కప్పులే. 20 లీటర్ల బకెట్టు నిండా మట్టి వేసి నీరు పోస్తే దాదాపు 30 కిలోల బరువు అవుతుంది. అటువంటివి పది పెడితే 300 కిలోలు. కాబట్టి:

1. పాత కప్పు, పగుళ్ళున్న కప్పు, వానకు కారే కప్పు మీద తోట పెట్టకండి. కిటికీ దగ్గరో, మెట్ల పక్కనో రెండు మూడు చిన్న కుండీలు చాలు.
2. కాంక్రీటు కప్పైనా బరువును మధ్యలో కాక, కింద గోడలు ఉన్న వరుసలో, అంచుల వెంట ఉంచండి.
3. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టండి. నీరు నిలవదు, కప్పు చెమ్మగిల్లదు.
4. అద్దె ఇల్లయితే ఇంటివారిని అడిగి మొదలుపెట్టండి.
5. పిట్టగోడ మీద కుండీ ఉంచకండి. గాలికి పడితే కింద గల్లీలో నడిచేవారి తల మీద పడుతుంది.

బరువు తగ్గాలంటే మట్టిలో కొబ్బరి పొట్టు కలపాలి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపితే మంచి మిశ్రమం అవుతుంది. పచ్చి పేడ వేయకూడదు. దాని వేడికి వేళ్ళు మాడతాయి, క్రిములు కూడా ఎక్కువ. వంటనూనె డబ్బాలు, పాత ప్లాస్టిక్ బకెట్లు, టబ్బులు అన్నీ పనికొస్తాయి. అడుగున నాలుగైదు రంధ్రాలు చేయండి. రంగులు, రసాయనాలు, పురుగుమందులు నిలవ చేసిన డబ్బాలు ఎంత కడిగినా వాడకూడదు.

మాఘం నుంచి ఉగాది వరకు ఏమి వేయాలి?

మన ప్రాంతంలో వసంతం త్వరగా ఎండాకాలంలోకి జారిపోతుంది. ఫిబ్రవరిలో హాయిగా ఉన్న మిద్దె ఏప్రిల్ నాటికి పెనంలా కాలుతుంది. అందువల్ల సంక్రాంతి తరువాత, ఫిబ్రవరి మొదటి సగంలోపు విత్తనాలు వేసుకుంటే ఉగాది నాటికి కోతకు వస్తాయి.

మెంతి, కొత్తిమీర: వీటికి విత్తనాల పొట్లం కొననక్కర లేదు. వంటింట్లోని మెంతులు, ధనియాలే చల్లవచ్చు. ధనియాలను అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి. మెంతికూర 20–25 రోజులలో కోతకు వస్తుంది. ఎండలు ముదిరితే కొత్తిమీర త్వరగా పూతకు వచ్చేస్తుంది కనుక దీన్ని ముందుగా వేయండి.

తోటకూర: కొత్తవారికి ఇదే మంచి మొదలు. గింజలు చాలా సన్నవి కనుక గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లండి. 25–30 రోజులలో కూర. వేళ్ళతో పీకకుండా పైభాగం కోస్తే మళ్ళీ చిగురిస్తుంది.

పాలకూర, చుక్కకూర: చల్లదనం ఇష్టపడతాయి. మార్చి తరువాత మధ్యాహ్నపు నీడ అవసరం.

బచ్చలి, పొన్నగంటి, పుదీనా: కొమ్మ ముక్కతోనే వస్తాయి. బజారులో కొన్న పుదీనా కట్టలో ముదురు కాడలు నాలుగు తీసి గ్లాసు నీళ్ళలో ఉంచితే వారం పది రోజులలో వేళ్ళు వస్తాయి. తీగ బచ్చలి ఎండను బాగా తట్టుకుంటుంది.

బెండ, గోరుచిక్కుడు: వేసవికి తగిన మొక్కలు. నారు పోయకుండా కుండీలోనే గింజ పెట్టాలి. బెండ 45–50 రోజులలో కాయ ఇస్తుంది. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతుంది.

సొర, బీర, దోస, కాకర: పెద్ద టబ్బు, పందిరి కావాలి. మొదట మగపూలు వచ్చి రాలిపోతాయి. అది తెగులు కాదు. తరువాత వచ్చే ఆడపూల వెనుక చిన్న పిందె కనిపిస్తుంది. నగరంలో తేనెటీగలు తక్కువగా ఉంటే పిందెలు పసుపుబారి రాలుతాయి. అప్పుడు మగపువ్వు తెంపి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. కాకర, దోస పూలకు ఉదయం, సొర, బీర పూలకు సాయంత్రం ఈ పని చేయాలి.

టమాటా కూడా వేయవచ్చు. కానీ పగటి వేడి 35 డిగ్రీలు దాటాక పూత రాలడం సహజం. దానికి ఏ మందూ అక్కర లేదు.

నీరు ఉదయమే పోయండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కూడా అవసరం. మట్టిపై ఎండుటాకులు పరచండి. వీలైతే పైన ఆకుపచ్చ నీడవల కట్టండి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు పోయవచ్చు. స్నానపు నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు, మోరీ నీళ్ళు ఆకుకూరలకు పోయకూడదు. మూసీ దిగువన మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు పండించడం ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఆ భయంతోనే ఇంట్లో పెంచుకుంటూ, ఇంట్లోనూ మురుగునీరే పోస్తే ప్రయోజనం ఏముంది?

ఎవరు ఏమి తినాలి, ఏమి మానాలి?

ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దయచేసి రెండుసార్లు చదవండి. “ఇంటి కూర, మందు కొట్టనిది, ఎంత తిన్నా మంచిదే” అనుకోవడం అందరి విషయంలో నిజం కాదు.

రక్తహీనత ఉన్నవారు: తోటకూర, మెంతికూర, గోంగూర పప్పుతో వండి, తినేటప్పుడు నిమ్మరసం పిండుకోండి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనానికి ముందూ వెనుకా గంటసేపు టీ, కాఫీ వద్దు. కూర తింటున్నామని ఐరన్ మాత్రలు మానకండి.

మధుమేహం ఉన్నవారు: ఈ కూరలన్నీ మంచివే. కాకరకాయ మాత్రలకు బదులు కాదు. మరో మాట, కాళ్ళు తిమ్మిరెక్కినవారికి వేడి తెలియదు. ఎండలో చెప్పులు లేకుండా మిద్దె ఎక్కితే అరికాళ్ళు బొబ్బలెక్కి మానని పుండ్లు కావచ్చు. చెప్పులు లేనిదే పైకి వెళ్ళవద్దు. వచ్చాక పాదాలు చూసుకోవాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, డయాలిసిస్ చేయించుకునేవారు: పాలకూర, తోటకూర, మునగాకు, టమాటాలలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దాన్ని బయటకు పంపలేకపోతే రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. ప్రాణాపాయం కూడా కలగవచ్చు. సొర, బీర, దోస వంటివి సాధారణంగా నయం. కూర ముక్కలను ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది. ఏది, ఎంత అన్నది మీ డాక్టరునో, ఆహార నిపుణులనో అడిగి నిర్ణయించుకోండి.

గుండె కవాటం మార్చినవారు: వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మందులు వాడేవారు ఆకుకూరలు పూర్తిగా మానక్కర లేదు. కానీ వారానికి ఎంత తింటారో ఎప్పుడూ అంతే తినాలి. తోట బాగా కాసిందని ఒక్కసారిగా పెంచితే వాటిలోని కె విటమిన్ వల్ల మందు పని తగ్గి, కవాటం దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మార్పు చేసేముందు డాక్టరుకు చెప్పి ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించండి.

క్యాన్సర్ మందులు ఎక్కించుకునేవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ఎక్కువ మోతాదులో స్టీరాయిడ్లు వాడేవారు: వీరు మట్టి, ఎరువు ముట్టకూడదు. వాటిలోని బూజు ఊపిరితిత్తులకు సోకవచ్చు. కుండీలు రోగి గదిలో ఉంచకండి. పచ్చి ఆకులు పెట్టకండి. బాగా కడిగి, ఉడికించినవే పెట్టండి. తోటపని ఇంట్లో మరొకరు చేయాలి.

ఆపరేషన్ అయినవారు: డాక్టరు సరే అనేవరకు కుండీలు జరపడం, నీళ్ళ బకెట్టు మోయడం వద్దు. కుర్చీలో కూర్చుని ఆకు వలవడం, గింజలు ఏరడం చేయవచ్చు.

తోట రోగాల పుట్ట కాకుండా

డెంగీ దోమ మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కుండీల కింది పళ్ళేలు, డ్రమ్ములు వారానికి ఒక రోజు తప్పక ఖాళీ చేసి, రుద్ది కడిగి ఆరబెట్టండి. నీళ్ళ డ్రమ్ము మీద బట్ట కట్టండి.

పేనుబంక, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లండి. రసాయన పురుగుమందు ఇంటికి తేనేకూడదు. దీర్ఘకాలపు జబ్బుతో మనసు కుంగిన మనిషి ఉన్న ఇంట్లో, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ సీసా ఎంతో అపాయం. ఎవరైనా పొరపాటునో, బాధలోనో మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ సీసాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రంగు పట్టించిన విత్తనాలకు కూడా మందు పూసి ఉంటుంది. వాటిని పిల్లలకు అందకుండా ఉంచండి, వంటకు వాడకండి.

మట్టిపని తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. గీరుకుపోయి గాయమైతే కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పండి.

ఇరుగుపొరుగుతో పంచుకోండి

తోట పెంచేవారు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నంతగా పుస్తకంలో నేర్చుకోలేరు. మీ గల్లీలో ఎండ ఏ వేళ వస్తుందో, కోతులు ఎప్పుడు దిగుతాయో పక్క మిద్దెవారికే తెలుసు. ఒక చిన్న నోటుబుక్కులో ఏ తేదీన ఏమి వేశారు, ఎన్నో రోజున మొలిచింది, ఎప్పుడు కోశారు అని రాసుకోండి. మీ తోటకూర గింజలు ఇచ్చి వారి బచ్చలి కొమ్మ తెచ్చుకోండి.

దీనివల్ల మరో మేలు ఉంది. రోగి ఉన్న ఇంటికి వచ్చిన ప్రతివారూ జబ్బు గురించే అడుగుతారు. రోజంతా అదే మాట చెప్పి చెప్పి రోగీ, ఇంటివారూ అలసిపోతారు. “మీ సొరపాదు పిందె వేసిందా వదినా?” అని ఎవరైనా అడిగితే ఆ పూట మాట్లాడుకోవడానికి వేరే సంగతి దొరుకుతుంది. సేవ చేసేవారికి కూడా ఉదయం పది నిమిషాలు గాలిలో, వెలుతురులో నిలబడే వీలు కలుగుతుంది. రోగిని గదిలో ఒంటరిగా వదలలేనివారు ఆ పది నిమిషాలు మరొకరిని కూర్చోబెట్టి వెళ్ళండి.

ముందు రెండు టబ్బులతో మొదలుపెట్టండి. ఒకదానిలో తోటకూర, ఒకదానిలో మెంతి వేయండి. అవి బాగా వస్తే మూడవది పెట్టండి. మళ్ళీ ఆసుపత్రికి వచ్చినప్పుడు ఇంట్లో ఏ కూరలు పండుతున్నాయో, రోగి వారానికి ఎన్నిసార్లు తింటున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి. మందుల మోతాదు నిర్ణయించడానికి ఆ వివరం కూడా ఉపయోగపడుతుంది.