కరెంటు పైపు - బట్టల దండెం

బట్టలు ఆరేయడానికి దండెం కావాలి. ఒక కొస వేపచెట్టుకి కడతాం. రెండో కొస ఎక్కడ కట్టాలి? గోడ పక్కన ఇనప పైపు ఒకటి గట్టిగా నిలబడి ఉంటుంది. చేతికి అందుతుంది. దానికి చుట్టేస్తాం.

అది కరెంటు పైపు. సర్వీసు పైపు అంటారు. అది అక్కడ ఎందుకుందో చూద్దాం.

ఒంగోలు చుట్టుపక్కల ఏ ఊరి వీధిలోనైనా తల ఎత్తి చూడండి. సిమెంటు స్తంభం మీద నుంచి ఒక వైరు మన ఇంటికి వస్తుంది. అది సర్వీసు వైరు. అందులో 230 వోల్టుల కరెంటు ఉంటుంది. అంత దూరం వైరు తన బరువు తాను మోయలేదు. సాగిపోద్ది. అందుకని పక్కనే ఇనప తీగ లాగుతారు. అది జి.ఐ. తీగ. వైరును ఆ తీగకు అక్కడక్కడా కడతారు.

ఇంటి దగ్గర ఆ తీగను పైపుకు బిగిస్తారు. వైరు పైపులోకి దూరి మీటరు దగ్గరికి దిగుతుంది. వీధిని దాటే వైరు నేలకు 5.8 మీటర్ల ఎత్తున ఉండాలి. అంటే 19 అడుగులు. పత్తి బోరేలు వేసుకొచ్చే ట్రాక్టరు కింద నుంచి పోవాలి గదా! అందుకే పైపు ఎత్తుగా ఉంటుంది.

పైపు పై కొస చేతికర్ర పిడిలా కిందికి వంగి ఉంటుంది. నోరు పైకి ఉంటే వాన నీళ్ళు లోపల పడతాయి. నోటి దగ్గర వైరును కూడా కొంచెం కిందికి వేలాడనిస్తారు. వాన చుక్క వైరు వెంట జారి అక్కడే కింద పడిపోద్ది.

కొన్ని చోట్ల వైరు నేలలో నుంచి పోతుంది. అక్కడ పైపును స్తంభానికే పెడతారు. పశువు కొమ్ము, బండి చక్రం వైరుకు తగలకుండా అది కాపాడుతుంది. పైపు కోసం సిమెంటు స్తంభానికి బెజ్జం వేయకూడదు. లోపల లాగి బిగించిన ఉక్కు తీగలుంటాయి. అవి తెగితే స్తంభం బలం పోద్ది. ఇనప పట్టీలతో చుట్టి బిగిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. వైరు పైన తొడుగు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండకు కాగి అది పగులుతుంది. గాలికి జి.ఐ. తీగతో రాసుకుంటుంది. పైపు అంచుకు ఒరుసుకుంటుంది. అక్కడ కరెంటు ఇనుముకు అంటుకుంటుంది. పైపుకు, పైపుకు కట్టిన దండేనికి పాకుతుంది.

పైకి ఏమీ తెలియదు. ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది. ఫీజు పోదు. పొడి గోడ మీద నుంచి కరెంటుకు నేలలోకి దారి దొరకదు. దారి కోసం కాసుకుని ఉంటుంది. మనం తడి బట్టలతో, వట్టి కాళ్ళతో వచ్చి దండెం పట్టుకుంటాం. మన ఒళ్ళే దానికి దారి. ప్రాణం పోయేది ఇలాగే.

ఇంట్లో మెయిను ఆపితే చాలదా? చాలదు. మెయిను మీటరు తర్వాత ఉంటుంది. పైపులో వైరు మీటరుకు ముందుది. మెయిను ఆపినా పైపులో కరెంటు ఆగదు. ఈ ముక్క మగవాళ్ళలో కూడా చాలామందికి తెలీదు.

పైపుకు ఎర్తు ఉంటే కరెంటు నేలలోకి పోతుంది. కానీ ఎర్తు గుంటలో తడి ఉండాలి. మన నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది. అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్ళు పోయండి. ఎర్తు ఉంది గదా అని దండెం కట్టొద్దు. ఎర్తు తీగ తుప్పుపట్టి తెగి ఉండొచ్చు.

ఎవరికైనా షాకు కొడితే చేత్తో లాగొద్దు. పట్టుకున్నవాళ్ళకీ కొడుతుంది. పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో దండేన్ని తప్పించాలి. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

పైపు ముట్టుకుంటే చిమచిమలాడినా, వైరు దిగజారినా 1912కు ఫోను చేయండి. బిల్లు మీద సర్వీసు నంబరు ఉంటుంది. ఇప్పుడు మనకు అంకెలు వచ్చు. మనమే చదివి చెప్పొచ్చు. 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డును 1999లో విడదీశారు. తర్వాత సంస్థల పేర్లు మారుతూ వచ్చాయి. మనకు మాత్రం ఎప్పుడూ కరెంటాఫీసే! స్తంభం పని లైన్‌మన్‌దే. ఇంట్లో కుర్రాళ్ళను ఎక్కించొద్దు.

గేదెను కూడా స్తంభానికి కట్టొద్దు. వానాకాలం నేల తడిగా ఉంటుంది. షాకు కొడితే అది తాడు తెంపుకుని పోలేదు.

మరి దండెం? పైపుకు దూరంగా రెండు సరుగుడు కర్రలు పాతండి. మన సముద్రం వైపు సరుగుడు బాగానే దొరుకుతుంది. తీగ బదులు నైలాను తాడు కట్టండి.