పేరయ్యగారు ఎవరి తరఫు?

మూడేళ్ళ క్రితం దసరాకి మా చెల్లెలు మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఓ మందుల కంపెనీలో ఫైనాన్స్ మేనేజరు. నేను గారెలు తట్టి నూనెలో వేస్తుంటే అది చిల్లుల గరిటెతో తీస్తోంది. ఇంతలో దాని ఫోను మోగింది. పెరట్లోకి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"ఎవరే?" అన్నాను.

"ఎవరో కన్సల్టెంటు అక్కా. వేరే కంపెనీలో ఫైనాన్స్ హెడ్ పోస్టుందట, ఆసక్తి ఉందా అని అడిగాడు. అంత పెద్ద పోస్టుకి నా అనుభవం చాలదేమోనండీ అన్నాను."

"మంచిపని చేశావ్. పిల్లాడు పదో క్లాసుకొస్తున్నాడు. ఉన్న ఉద్యోగం చాలదూ?" అన్నాను, డిగ్రీ చదివి వంటింట్లో స్థిరపడ్డ అక్కగారి హోదాలో.

ఆ ఫోను మళ్ళీ రాలేదు. ఆర్నెల్ల తర్వాత తెలిసింది, దానికంటే రెండేళ్ళు జూనియరైన ఒకాయన ఆ కుర్చీలో కూర్చున్నాడని. చెల్లెలు నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ తర్వాత అది ఈ వ్యవహారం ఆనుపానులన్నీ తెలుసుకుంది. దాని వెనకాలే నేనూ తెలుసుకున్నాను.

డబ్బిచ్చేది ఎవరు?

మగపెళ్ళివారు డబ్బిచ్చి పంపిన పెళ్ళిళ్ళ పేరయ్య మనతో ఎంత తియ్యగా మాట్లాడినా ఎవరి మేలు చూస్తాడు? ఈ 'హెడ్ హంటర్లూ' అంతే. కంపెనీలు తమక్కావలసిన పెద్ద ఉద్యోగుల్ని వెతికిపెట్టమని వీళ్ళకి పని అప్పగిస్తాయి. ఫీజు కూడా కంపెనీయే ఇస్తుంది. మన దేశంలో మామూలు పోస్టులకి తరచు ఒక నెల జీతమంత, అంటే ఏడాది జీతంలో 8.33 శాతం తీసుకుంటారు. చాలా పెద్ద పదవులకైతే ఏడాది జీతంలో మూడో వంతు దాకా ఉంటుంది. కొందరు మనిషి చేరాకే ఫీజు తీసుకుంటారు. పై స్థాయి పదవులు వెతికేవాళ్ళు ముందే కొంత తీసుకుని పని మొదలుపెడతారు.

కనుక ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరైనా మిమ్మల్నే డబ్బడిగితే, వాళ్ళు ఈ కోవలోకి రారు. అలాంటి వాళ్ళకి దూరంగా ఉండండి.

ఇంకో మాట. తమకి ఫీజిచ్చే కంపెనీలోంచి మనుషుల్ని లాక్కుపోకూడదని ఈ సంస్థలు నియమం పెట్టుకుంటాయి. మీ కంపెనీ వాళ్ళ ఖాతాదారైతే మీరెంత సమర్థులైనా మీకు ఫోను రాదు. అందుకే ఒక్కరిని నమ్ముకోకుండా ఇద్దరు ముగ్గురితో పరిచయం ఉండాలి.

ఫోను వచ్చినప్పుడు

"నాకంత లేదండీ" అన్న మాట మన నోట ముందు రాకూడదు. అది తేల్చుకోవలసింది వాళ్ళు. పని ఏమిటి, ఎవరి కింద, ఏ ఊరు, ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయింది... ఈ నాలుగూ అడగండి. "రేపు సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను" అని, చెప్పిన వేళకి చెయ్యండి. మీకు నప్పకపోతే నప్పేవాళ్ళ పేరు చెప్పండి. అలా చెప్పినవాళ్ళని వాళ్ళు గుర్తుంచుకుంటారు.

నన్నడక్కుండా నా బయోడేటా ఎక్కడికీ పంపొద్దని ముందే చెప్పాలి. ఒకే కంపెనీకి ఇద్దరు కన్సల్టెంట్లు మీ బయోడేటా పంపితే ఫీజు ఎవరిదన్న తగువొస్తుంది. ఆ తగువెందుకని కంపెనీ మిమ్మల్నే పక్కన పెట్టెయ్యొచ్చు. పిల్లల కోసం మధ్యలో ఆగిన ఏళ్ళుంటే దాచొద్దు. విచారణలో ఎలాగూ బయటపడతాయి. మనమే చెబితే అది తప్పులా కనిపించదు.

జీతం దగ్గర

చెల్లెలికి రెండో అవకాశం జీతం దగ్గర చేజారింది. ఇప్పుడెంతొస్తోందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకుంది. దాని మీద కాస్త పెంచి ఇస్తామన్నారు. తొమ్మిదేళ్ళు ఒకేచోట ఉండి వెనకబడ్డ జీతం అది. ఆ వెనకబాటు కొత్త చోటికీ తోడొచ్చేది! ఇలా జరక్కూడదనే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, ఉద్యోగం ఖాయం చేసేలోపు పాత జీతం అడగడాన్ని 2018 నుంచి నిషేధించింది.

ఈసారి చెల్లెలు అంకె దాచలేదు, అబద్ధమూ ఆడలేదు. "ఇది నా ఇప్పటి జీతం. మీరు చెప్పిన బాధ్యతకి బయట ఇస్తున్నది ఇంత. నేను అడుగుతున్నది అదే" అంది. అలా అనడానికి అద్దం ముందు వారం రోజులు సాధన చేసిందని తర్వాత చెప్పింది. కిందటి ఉగాదికి ఫైనాన్స్ హెడ్‌గా చేరింది.

ఇప్పుడు ఆడవాళ్ళ పేర్లు వెతికే అవసరం కంపెనీలకీ ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం షేర్ మార్కెట్లో నమోదైన ప్రతి కంపెనీ బోర్డులోనూ కనీసం ఒక మహిళ ఉండాలి. ఆ కుర్చీల దాకా వెళ్ళే దారి ఇలాంటి ఫోన్లతోనే మొదలవుతుంది.

మొన్న దసరాకి మళ్ళీ గారెల దగ్గరున్నాం. దాని ఫోను మోగింది. "తర్వాత మాట్లాడతాలే అక్కా, నూనె కాగుతోంది" అంది.

చిల్లుల గరిటె దాని చేతిలోంచి తీసుకున్నాను.

"నూనె సంగతి నేను చూసుకుంటాను. నువ్వెళ్ళి మాట్లాడు."