ఊరి నడుమ సిగ్నలు ఏల అందదు?

గత సంవత్సరము మా పాఠశాలలో నొక విద్యార్థి ఇంటిపని చేయకయే వచ్చెను. ఫోనులో పంపిన పాఠము తనకు చేరలేదని వాడు చెప్పగా, తిరుత్తణి పట్టణము నడుమ నివసించువానికి సిగ్నలు లేదనుట వట్టి సాకు అని తలచి మందలించితిని. నాటి సాయంకాలము వాని యింటికి పోయి చూచితిని. ఇంటిలోపల నా ఫోను సయితము మూగవోయెను. వాడు పలికినది సత్యము. నా పొరపాటే ఈ వ్యాసమునకు కారణము.

అడవిలో సిగ్నలు లేకున్న ఆశ్చర్యము లేదు. జనులు క్రిక్కిరిసిన తిరువళ్లూరు, తిరుత్తణి వంటి పట్టణములలో అది ఏల అందదు? దీనికి ముఖ్యముగా మూడు కారణములు కలవు.

మొదటిది గోడ. ఫోనును టవరును రేడియో తరంగముల ద్వారా మాటలాడుకొనును. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగములు దూరము పోవును. గోడలను కొంతవరకు దాటును. 2300, 3300 మెగాహెర్ట్జ్ తరంగములు హెచ్చు సమాచారమును మోయగలవు గాని, కాంక్రీటు గోడలును ఇనుప రేకులును వానిని త్వరగా అడ్డగించును. అందుచేతనే మిద్దెమీద పలుకు ఫోను వంటయింటిలో పలుకదు.

రెండవది కొండ. దీపమునకు అడ్డుగా నిలిచినవాని వెనుక నీడ పడినట్లు, కొండకు ఈవల టవరున్నచో ఆవలి వీధులపై తరంగముల నీడ పడును. ఎత్తైన మేడల వెనుకను ఇట్లే జరుగును.

మూడవది రద్దీ. ఒక టవరు సామర్థ్యమును దాని పరిధిలోని ఫోనులన్నియు పంచుకొనవలెను. ఆడికృత్తికనాడు భక్తులు కావళ్లతో తిరుత్తణి కొండకు చేరునప్పుడు, ఫోనుపై గీతలు నిండుగా నున్నను మాట కలియకపోవచ్చును. ఆ గీతలు టవరు అందుచున్నదని మాత్రమే తెలుపును. అందు మనకు చోటున్నదని తెలుపవు.

కావున జనము హెచ్చినకొలది టవరులును హెచ్చవలెను. కాని ఇంటి చెంత టవరు వలదని మనలో పెక్కురు అభ్యంతరము చెప్పుదురు. మన దేశమున టవరుల రేడియేషను పరిమితి 2012 సెప్టెంబరు 1 నుండి అంతర్జాతీయ పరిమితిలో పదవవంతుకు తగ్గింపబడినది. మరియు సిగ్నలు బలహీనమైనకొలది చేతిలోని ఫోనే హెచ్చు శక్తితో పనిచేయవలసి వచ్చును. బిడ్డ చెవి కడ నుండునది ఫోనే గదా!

తల్లిదండ్రులు చేయదగినవి కొన్ని కలవు. ఇంటిలో ఏ సంస్థ సిగ్నలు నిలుచునో పొరుగువారి ఫోనులతో పోల్చి చూడుడు. సంస్థలు తమ సేవ అందు ప్రాంతముల పటములను ప్రకటింపవలెనని ట్రాయ్ 2024లో నియమించినది, వానిని పరిశీలింపుడు. నంబరు మారకయే సంస్థను మార్చుకొను సదుపాయము 2011 నుండి దేశమంతట కలదు. ఫిర్యాదు చేయునప్పుడు వీధిని, వేళను స్పష్టముగా తెలిపి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనుడు. పరిష్కారము కానిచో ఆ సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవింపవచ్చును. వీధివారందరు ఒక్కటై అడిగిన మరింత మేలు.

పాఠశాల పక్షమున మేమును ఒక నియమము చేసికొంటిమి. ఫోనులో పంపు ప్రతి పాఠమును ముందుగా తరగతిలో పుస్తకమున వ్రాయించుచున్నాము. సిగ్నలు లేదను బిడ్డను దండించుటకు ముందు, ఆ బిడ్డ కూర్చుండి చదువుకొను చోట మన ఫోనును ఉంచి చూతము.