విద్యుచ్ఛక్తి ధరలు: వేళయు, గిరాకియు

పరిశ్రమలు నడుపువారిలోను, పెద్ద అంగళ్లు నిర్వహించువారిలోను విద్యుత్ బిల్లును తుదివరకు చదువువారు అరుదు. మొత్తమును చూచి నిట్టూర్చి, దీపములు ఆర్పలేదని పనివారిని గద్దించుటతో విచారణ ముగియుచున్నది. యూనిట్లు తగ్గినను బిల్లు ఆ మేరకు తగ్గకుండుటకు కారణము వేరొకటి కలదు.

పెద్ద వాడుకదారు రెండింటికి వెల చెల్లించుచున్నాడు. మొదటిది నెలలో వాడిన శక్తి. రెండవది, కోరిన క్షణమున కోరినంత ఇచ్చుటకై సంస్థ సిద్ధముగా నుంచిన సామర్థ్యము. దీనికే డిమాండు ఛార్జీ యని పేరు. నూరుమందికి పందిరి వేయించినవానికి అరువదిమందే భోజనమునకు వచ్చినను పందిరి ఖర్చు తగ్గదుగదా! ఈ భేదమును 1892లో ఇంగ్లండునందు జాన్ హాప్కిన్సన్ అను ఇంజనీరు విశదీకరించెను. పిమ్మట బ్రైటన్ పట్టణమున ఆర్థర్ రైట్ గరిష్ఠ డిమాండును కొలుచు మీటరును కల్పించెను.

ఈ గరిష్ఠమును పదునైదు లేక ముప్పది నిమిషముల సగటుగా కొలుతురు. మోటారు ప్రారంభమున కొన్ని క్షణములు అధికముగా లాగు కరెంటునకు భయపడ నక్కరలేదు. యంత్రములన్నిటిని ఒకే అరగంటలో నిండుబలముతో నడుపుటయే ప్రమాదము. ఒక్కనాటి అట్టి తొందర నెలయంతటికిని లెక్క కెక్కును.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో హెచ్.టి. వాడుకదారులకు సాధారణముగా వర్తించు నిబంధన మరియొకటి గమనింపదగినది. నమోదైన గరిష్ఠము, ఒప్పందపు డిమాండులో 80 శాతము, ఈ రెండింటిలో ఏది ఎక్కువయో దానికే ఛార్జీ. 100 కె.వి.ఏ.లకు ఒప్పుకొని 60 మాత్రమే వాడిన యంత్రశాల 80కి చెల్లింపవలయును. కె.వి.ఏ.కు నెలకు 475 రూపాయల చొప్పున లెక్కించినచో, వాడని 20 కె.వి.ఏ.లకు నెలకు 9,500, సంవత్సరమునకు 1,14,000 రూపాయలు వ్యర్థము. గొప్పకై పెద్ద ఒప్పందము వ్రాసికొన్నవారు దీనిని యోచింతురుగాక. పవరు ఫ్యాక్టరు సంగతియు నిట్టిదే: 80 కిలోవాట్ల పనికి అది 0.80 అయినచో 100 కె.వి.ఏ.లు, కెపాసిటర్లు అమర్చి 0.95 చేసినచో సుమారు 84 చాలును.

ఇక వేళల సంగతి. సరఫరా కోరు సమయమును బట్టి ధరలో భేదము చూపుటకు 2003 విద్యుచ్చట్టము 62వ సెక్షను అనుమతించుచున్నది. 2023 జూనులో కేంద్రప్రభుత్వమువారు సవరించిన నియమములు, 10 కిలోవాట్లు మించిన వర్తక, పారిశ్రామిక వాడుకదారులకు 2024 ఏప్రిలు 1వ తేదీలోగా ఈ పద్ధతి అమలు కావలెనని విధించినవి. సౌరశక్తి లభించు వేళ ధర కనీసము 20 శాతము తక్కువగాను, గిరాకి వేళ కనీసము 1.20 రెట్లుగాను ఉండవలయును. ఆ వేళలను నిర్ణయించునది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి.

దీనిలో న్యాయము లేకపోలేదు. మిట్టమధ్యాహ్నము పుష్కలముగానున్న సౌరవిద్యుత్తు, ఇండ్లలో దీపములు వెలుగు వేళకే మాయమగును. చవుక వేళ నీటిని తిరిగి జలాశయమున కెక్కించి, గిరాకి వేళ దానితోనే విద్యుత్తును తీయగల యంత్రములను నాగార్జునసాగరమున ప్రభుత్వమే అమర్చినది. గుంటూరు మిరప శీతల గిడ్డంగులవారును మధ్యాహ్నము అధికముగా చల్లార్చి, సాయంకాలము కొంతసేపు యంత్రముల నాపవచ్చును. పిండిమరయు వేళ మార్చుకొనగలదు.

కాని బట్టల దుకాణము మాటయేమి? భోజనశాల మాటయేమి? బేరము వచ్చునది దీపాలవేళనే. వారు వేళను మార్చుకొనలేరు. హెచ్చుధర వారికి శిక్షగానే పరిణమించును. ధనవంతులగు కర్మాగారములవారు బ్యాటరీలు కొని తప్పించుకొనగా, భారము చిన్నవారిపై మిగులుట ధర్మము కాదు.

ధరల ప్రతిపాదనలపై నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణ జరుపుచున్నవి. అచ్చటికి మన వర్తక సంఘములవారు తమ బిల్లులతో పోవలయును. వేళల మార్పులను చాలముందుగా ప్రకటింపవలెననియు, అరగంటవారీ నమోదు వాడుకదారునకు తెలుగున అందవలెననియు, చిన్న పరిశ్రమలకు 80 శాతపు హద్దును తగ్గింపవలెననియు అడుగవలయును.