జాతీయ అస్తిత్వం న్యాయస్థానం మెట్లెక్కినప్పుడు

జాతీయ అస్తిత్వం అనే మాటను మన విమర్శకులం చాలా ఉదారంగా వాడుతున్నాం. కవిత్వంలో అది ఆవేశం, సభావేదిక మీద నినాదం. న్యాయస్థానంలో మాత్రం దానికి ఒక పని అప్పగిస్తారు. అక్కడ ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి. ఆ మాట ఎవరి పక్షాన నిలబడుతుందో అప్పుడే బయటపడుతుంది. దేశాలకు పైనున్న చట్టం ఒకటి నిజంగా పనిచేస్తున్న యూరోపియన్ యూనియన్‌లో దీన్ని పరిశీలించవచ్చు.

1957 రోమ్ ఒప్పందంతో ఆరు దేశాలు ఉమ్మడి మార్కెట్టును ఏర్పరచుకున్నాయి. సరుకులు, సేవలు, పెట్టుబడి, శ్రమ సరిహద్దులు దాటి స్వేచ్ఛగా తిరగాలన్నది దాని ప్రాణసూత్రం. 1964లో, ఇటలీలో విద్యుత్ పరిశ్రమ జాతీయీకరణ దరిమిలా ఒక చిన్న కరెంటు బిల్లు మీద వచ్చిన తగాదాలో, లక్సెంబర్గులోని ఉమ్మడి న్యాయస్థానం తన చట్టం సభ్యదేశాల చట్టాల కంటే పైదని ప్రకటించింది. 1970లో రాజ్యాంగాలకు కూడా మినహాయింపు లేదంది. మరి ఒక దేశానికి తనదంటూ మిగిలేదేమిటి? దీనికి జవాబుగా, సభ్యదేశాల జాతీయ అస్తిత్వాన్ని యూనియన్ గౌరవించాలనే వాక్యం 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంలో చేరింది. అయితే ఆ వాక్యాన్ని న్యాయస్థానం పరిధికి వెలుపలే ఉంచారు. 2009 డిసెంబరు 1న లిస్బన్ ఒప్పందం అమలులోకి వచ్చాకనే అది వాదనకు పనికొచ్చే ఆయుధమయింది.

కాని వాక్యం కంటే ముందే సమస్య వచ్చింది. డబ్లిన్‌లోని ఒక కళాశాలలో చిత్రకళ బోధిస్తున్న డచ్ మహిళ 1984లో పర్మనెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నది. ఐరిష్ భాష వచ్చినట్లు రుజువు కావాలన్నారు. ఆమె మౌఖిక పరీక్ష తప్పింది, ఉద్యోగం పోయింది. పాఠాలు చెప్పవలసింది ఇంగ్లీషులోనే! ఉపాధ్యాయుడిగా నా సానుభూతి ముందు ఆమె వైపే వెళ్లింది. కుంచె పట్టడం నేర్పడానికి ఐరిష్ ఎందుకు?

అయితే ఐరిష్ సంగతి వేరు. వలస పాలన కింద ఇంగ్లీషు అధికార భాషగా, బతుకుతెరువు భాషగా పెరిగేకొద్దీ అది పడమటి తీరానికి తరిగిపోయింది. 1937 రాజ్యాంగం దాన్ని మొదటి అధికార భాషగా ప్రకటించింది కాని, ఇంటి భాషగా తిరిగి నిలబెట్టలేకపోయింది. 1989 నవంబరులో న్యాయస్థానం ఐర్లండు పక్షానే తీర్పు చెప్పింది. ఉపాధ్యాయుడి పాత్ర పాఠంతో ముగియదనీ, విద్యాలయపు దైనందిన జీవితంలోనూ విద్యార్థులతో ఉండే అనుబంధంలోనూ భాషావిధానానికి చోటుందనీ అంగీకరించింది. నిబంధన మోతాదు మించకూడదు, ఆ భాషను ఐర్లండులోనే నేర్చుకుని ఉండాలని పట్టుబట్టకూడదు అని హద్దులూ పెట్టింది. మార్కెట్టు దృష్టిలో భాష ఒక పనిముట్టు, అక్కరపడితేనే ఖరీదు. అంతకు మించినదేదో భాషలో ఉందని మార్కెట్టు కోసం పుట్టిన న్యాయస్థానమే ఒప్పుకోవలసి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

ఇదే తర్కం లిథువేనియా చేరేసరికి ముఖం మార్చుకున్నది. విల్నియస్‌లో పోలిష్ మైనారిటీకి చెందిన ఒక స్త్రీ పోలండు పౌరుణ్ణి పెళ్లాడింది. వివాహపత్రంలో భర్త ఇంటిపేరు ‘డబల్యూ’తో, అదే ఇంటిపేరు భార్యకు ‘వీ’తో నమోదయింది. లిథువేనియన్ వర్ణమాలలో ‘డబల్యూ’ లేదు మరి. తన పేరును తన భాషలో రాసుకుంటానని ఆమె అడిగింది. అధికార భాషా రక్షణ జాతీయ అస్తిత్వంలో భాగమేనని 2011లో న్యాయస్థానం ఒప్పుకున్నది. దంపతుల ఇంటిపేరు తేడా వల్ల తీవ్రమైన చిక్కులు వస్తున్నాయేమో స్థానిక న్యాయస్థానం తూచి చూడాలని మాత్రం చెప్పింది.

ఇక్కడ చరిత్రను మరవరాదు. 1860ల నుంచి 1904 దాకా జారు ప్రభుత్వం లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చును నిషేధించింది. ప్రష్యాలో అచ్చయిన పుస్తకాలను రైతులు, కూలీలు వీపున మోసి రాత్రివేళ సరిహద్దు దాటించారు, పట్టుబడి శిక్షలు అనుభవించారు. రెండు ప్రపంచయుద్ధాల నడుమ విల్నియస్ పోలండు ఏలుబడిలో ఉన్నది. కనుక ఆ భయం కల్పితం కాదు. కాని అక్షరాల కోసం అంత మూల్యం చెల్లించిన జాతి తన పౌరురాలికి ఒక్క అక్షరం ఇవ్వడానికి 2022 దాకా ఆగింది. పీడితుల కవచం అధికార పీఠం చేరాక ఇంట్లోవాళ్ల మీదనే బరువు వేస్తుంది.

హంగరీ మరో మెట్టు. 2015లో ఇటలీ, గ్రీసులకు చేరిన శరణార్థుల్లో 1,20,000 మందిని సభ్యదేశాలు పంచుకోవాలని నిర్ణయించారు. హంగరీ వాటా 1,294 మంది. అది ఒక్కరినీ తీసుకోలేదు. 2016లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం, తమ రాజ్యాంగ అస్తిత్వం రాజ్యాంగం సృష్టించినది కాదనీ, రాజ్యాంగం దాన్ని గుర్తించింది మాత్రమేననీ చెప్పింది. రాజ్యాంగానికి ముందే ఉన్నదానిని ప్రజలు సవరించేదెలా? దాదాపు ఒకే జాతి జనమున్న దేశాల మీద భారం ఎక్కువ పడుతుందని పోలండు వంత పాడింది. మన తెలుగులో దేశజనానికీ, రక్తసంబంధానికీ, చివరికి పశువుల రకానికీ ఒక్క ‘జాతి’ మాటే సరిపెడుతున్నాం. ఆ ప్రమాదం యూరప్‌లో వాదనగానే వచ్చింది. పుట్టుకను బట్టి మనుషులను లెక్కించలేమని 2017లో న్యాయస్థానం దాన్ని తోసిపుచ్చింది.

అంతమాత్రాన ఆ న్యాయస్థానానికి హారతి పట్టనక్కరలేదు. 2004లో స్వీడన్‌లోని వాక్స్‌హోమ్‌లో ఒక బడి కట్టడానికి లాట్వియా కంపెనీ తన కూలీలను తెచ్చింది. సామూహిక వేతన ఒప్పందం మీద సంతకం చేయమని కార్మిక సంఘాలు పని స్తంభింపజేశాయి. వేతనాలను చట్టంతో కాక సంఘాల బేరంతో నిర్ణయించుకోవడం స్వీడన్ సమాజపు మూలకట్టు. ఐరిష్ భాషకైనా అంత వాడుక లేదు. సమ్మె మౌలిక హక్కేనంటూనే, సేవల స్వేచ్ఛకు అడ్డు తగిలిందని 2007 డిసెంబరులో న్యాయస్థానం సంఘాలకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అప్పటికి లిస్బన్ వాక్యం అమలులో లేదన్నది నిజమే. అది అమలులోకి వచ్చిన నెలలోనే, 2009 డిసెంబరులో, కంపెనీకి నష్టపరిహారం కట్టమని స్వీడన్ కార్మిక న్యాయస్థానం ఆ సంఘాలను ఆదేశించింది.