పది మార్కుల ప్రశ్నకి ప్రాణం పోస్తున్నారు

1983లో వచ్చిన ఓ పోర్టబుల్ కంప్యూటర్‌కి ఇవాళ కొత్త మెమరీ బోర్డులు పుడుతున్నాయి. చేస్తున్నది కంపెనీలు కాదు, సాయంత్రాలు సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ఔత్సాహికులు. వాళ్ల పనిలో సగం మన ఇంజినీరింగ్ సిలబస్‌లోనే ఉంది. ఎటొచ్చీ మనం దాన్ని పరీక్ష రాసి వదిలేశాం.

పాత కంప్యూటర్లకి కొత్త మెమరీ అమర్చుకునేవాళ్ల మీద ముఖచిత్ర కథనం కావాలని, శుక్రవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలని ఎడిటర్ గారు పురమాయించారు. పాత వస్తువుల మోజంటే నాకు మొదట్నుంచీ కొంచెం అనుమానం. గ్రామఫోను కొని హాల్లో పెట్టుకుని పాటలు మాత్రం ఫోన్లో వినే ఇళ్లున్నాయి. ఈ వ్యవహారంలోనూ ఆ బాపతు జనం లేకపోలేదు. కానీ కథనం కోసం ముందు వేసుకున్న కాగితాల్లో నన్ను పట్టి కూర్చోబెట్టింది ఫొటోలూ కాదు, చరిత్రా కాదు. ఒక సర్క్యూట్ డయాగ్రం.

మూడు అడ్రస్ లైన్లు ఓ డీకోడర్‌లోకి వెళ్తున్నాయి. దాన్నుంచి వచ్చిన ఒక గీత మెమరీ చిప్ నెత్తిన వాలుతోంది. హైదరాబాద్ వారాసిగూడలో గది అద్దెకి తీసుకుని, నడుచుకుంటూ ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్లి ఎలక్ట్రానిక్స్ చదివిన పాత తరం వాళ్లకి ఈ బొమ్మ గుర్తుండే ఉంటుంది. మైక్రోప్రాసెసర్ల పేపర్లో ‘ఇది గ్యారంటీ’ అని సీనియర్లు టిక్కు పెట్టిచ్చే ప్రశ్నలో ఉండేది: 74138 డీకోడర్ వాడి 8085కి 8కె ర్యామ్ ఇంటర్‌ఫేస్ చేయుము. బొమ్మ వేసి, అడ్రస్ పట్టిక గీస్తే పది మార్కులు. ఆ బొమ్మ మీద నిజంగా కరెంటు పారితే ఏమవుతుందో చూసే పని మాత్రం ఎవరికీ పెట్టేవారు కాదు.

అమెరికాలో, కెనడాలో, యూరప్‌లో కొందరు ఇప్పుడు చూస్తున్నది అదే.

రిపోర్టర్ల చేతి మెషీన్

మొదట్లో చెప్పిన ఆ కంప్యూటర్ పేరు టీఆర్‌ఎస్-80 మోడల్ 100. తయారీ జపాన్‌కి చెందిన క్యోసెరా, అమ్మకం అమెరికాలో రేడియో షాక్ దుకాణాలు. కాస్త లావుపాటి పుస్తకమంత ఉంటుంది, బరువు కిలోన్నర ప్రాంతం. స్క్రీన్ మీద ఎనిమిది వరసలు, వరసకి 40 అక్షరాలు. నాలుగు మామూలు పెన్సిల్ సెల్స్ వేస్తే దాదాపు 20 గంటలు నడుస్తుంది. లోపలే మోడెం ఉండటంతో అక్కడి విలేకరులు దీన్ని చంకన పెట్టుకు తిరిగి, దొరికిన టెలిఫోన్‌కి తగిలించి వార్త పంపేవారు. అదే కాలంలో మన జిల్లాల కంట్రిబ్యూటర్లు చేత్తో రాసిన వార్తని కవర్లో పెట్టి, ఆఖరి ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవారు. ఈ మెషీన్ మీద నాకు కాస్త ఇష్టం ఉందంటే అందుకే. ఆటలకోసం కాదు, రాసుకోడానికి పుట్టింది.

దీని లోపలి ప్రాసెసర్ 80సి85. అంటే మన ల్యాబ్‌లోని 8085కి తక్కువ కరెంటు తాగే సీమాస్ తమ్ముడు. ఆదేశాలన్నీ అవే. ‘3ఇ’ కొడితే ఎక్యుములేటర్‌లోకి సంఖ్య వెళ్తుంది, ‘76’ కొడితే ఆగిపోతుంది. ట్రైనర్ కిట్ మీద 3ఇ, 06, 80, 32, 76 అని వేళ్లు నొప్పెట్టేలా నొక్కి రెండు అంకెలు కూడినవాళ్లకి ఈ మెషీన్ లోపలి భాష ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

మొదట్లో 8కె ర్యామ్ ఉన్న మోడల్ ధర 1,099 డాలర్లు, 24కె మోడల్ 1,399 డాలర్లు. ఆ పదహారు కె తేడాకే 300 డాలర్లన్నమాట. ఇవాళ 32కె పట్టే ఒక్క చిప్, అలయెన్స్ మెమరీ కంపెనీ ఇంకా కొత్తగా తయారుచేస్తున్న ఏఎస్6సి62256, నాలుగైదు డాలర్లు పెడితే వచ్చేస్తుంది. అదే కుటుంబంలోని 4008 రకంలో 512కె ఉంటుంది, అంటే మోడల్ 100 గరిష్ఠంగా పెట్టుకోగల ర్యామ్‌కి పదహారు రెట్లు. పాత మెషీన్‌కి కొత్త మెమరీ అనే ఆలోచన ఇప్పుడు సాధ్యపడటానికి మొదటి కారణం ఈ ధరే. చిప్పులు చవకైపోయాయి. మిగిలిందల్లా వాటిని ఆ ప్రాసెసర్‌కి కనబడేలా చేయడం.

పైనుంచి కిందికి కట్టే ఇల్లు

8085కి అడ్రస్ లైన్లు పదహారు. అందుకే అది 65,536 గడుల్ని మించి చూడలేదు. మోడల్ 100లో కింది సగం, 32కె, రోమ్‌కి పోయింది. పై సగమే ర్యామ్.

ఇక్కడో తమాషా ఉంది. 8కె మాత్రమే ఉన్న మెషీన్లో ఆ ర్యామ్ హెక్సాడెసిమల్ లెక్కలో 8000 దగ్గర మొదలవదు. చిట్టచివర, ఇ000 నుంచి ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ దాకా ఉంటుంది. ఇంకో 8కె పెడితే సి000కి దిగుతుంది, ఆపైన ఏ000కి, నాలుగోది పెట్టాకే 8000కి. ఎందుకిలా తలకిందులుగా? రోమ్‌లోని ప్రోగ్రాం తన సొంత లెక్కలన్నీ, స్క్రీన్ మీద కనిపించే 320 అక్షరాల నకలుతో సహా, మెమరీ పై అంచులోనే దాచుకుంటుంది. కొన్నవాడు ఎంత తక్కువ ర్యామ్ కొన్నా ఆ పై అంచు ఉండి తీరాలి. కాబట్టి పెరుగుదల కిందికి.

ఇప్పుడు పది మార్కుల బొమ్మ గుర్తు చేసుకోండి. పై మూడు అడ్రస్ లైన్లు 74138లోకి వెళ్తే 64కె కాస్తా ఎనిమిది 8కె ముక్కలవుతుంది. మూడు లైన్లూ ‘1’ అయితే చిట్టచివరి అవుట్‌పుట్ పనిచేస్తుంది. దాని పరిధి? ఇ000 నుంచి ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్. పరీక్షలో గీసిన పట్టికలోని ఆఖరి వరస 1983లో అమ్మిన ఒక సరుకు.

గది ఒక్కటే, వంతులు వేరు

64కె నిండిపోయాక ఇంకా మెమరీ కావాలంటే? ఇదే క్యోసెరా డిజైన్‌ని కొంచెం మార్చి ఎన్ఈసీ అమ్మిన పీసీ-8201ఏలో దీనికో దారి ఉంది. లోపల 64కె దాకా ర్యామ్ పెట్టుకోవచ్చు, పైన 32కె కార్ట్రిడ్జ్ ఒకటి తగిలించుకోవచ్చు. మొత్తం 96కె, మూడు బ్యాంకులు. ప్రాసెసర్‌కి మాత్రం ఒక్కసారికి ఒక్కటే కనబడుతుంది.

వారాసిగూడ అద్దె గదుల సంగతి తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పగలు క్లాసులకి పోయేవాడూ, రాత్రి డ్యూటీకి పోయేవాడూ ఒకే గదిని పంచుకుంటారు. డోర్ నంబర్ మారదు, తలుపు తీస్తే కనిపించే మనిషి మారతాడు. ప్రాసెసర్ 8000 అనే డోర్ నంబర్ తట్టినప్పుడు ఏ బ్యాంకు పలకాలో ఒక పోర్టు చెబుతుంది. ఆ పోర్టుకి రాయడానికి నాలుగు బైట్లు చాలు: 3ఇ, బ్యాంకు సంఖ్య, డి3, పోర్టు నంబరు.

చిక్కంతా ఆ నాలుగు బైట్ల తర్వాత. బ్యాంకు మార్చమనే ఆదేశం ఆ బ్యాంకులోనే కూర్చుని ఉంటే, మార్పు జరిగిన మరుక్షణం ప్రాసెసర్ చదివే తర్వాతి బైటు కొత్త బ్యాంకుది. అక్కడ ఏముంటే అదే ఆదేశం అనుకుని పోతుంది. మెషీన్ బిగుసుకుపోతుంది. అందుకే మార్చే ముక్కని రెండు బ్యాంకుల్లోనూ ఒకే చోట పెడతారు, లేదా మారని సగంలో ఉంచి నడుపుతారు.

ఎన్ఈసీ నాటి అసలు కార్ట్రిడ్జ్‌లు దొరకడం ఇప్పుడు అరుదు. అందుకే బోర్డు డిజైన్ కొత్తగా గీసి, బయట అచ్చు వేయించి, చిప్పులు అతికించుకుంటున్నారు. మోడల్ 100 వాళ్లది ఇంకో దారి. మెషీన్ అడుగున మూత తీస్తే అదనపు రోమ్ కోసం ఓ సాకెట్ ఉంటుంది. దాని పిన్నుల వరస మామూలు ఈప్రామ్ వరస కాదు, ఉన్న చిప్ ఉన్నట్టు గుచ్చితే పనిచేయదు. ఆ సాకెట్‌లో కూర్చునే ప్లాస్టిక్ తొడుగుని కూడా 3డి ప్రింటర్ మీద పోసుకుంటున్నారు. అందులో ఇమిడే ‘రెక్స్’ అనే బోర్డు పాత రోమ్‌లన్నిటినీ ఒకచోట ఉంచి, ర్యామ్ మొత్తాన్ని భద్రం చేసిపెడుతుంది. దాని వారసుడైన రెక్స్‌సీపీఎం మెగాబైట్ల లెక్కలో మెమరీ ఇచ్చి, ఈ బుల్లి మెషీన్ మీద సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టం నడిపిస్తోంది.

*బాక్స్: 29,638 బైట్లలో ఎంత తెలుగు?*

32కె ఉన్న మోడల్ 100 ఆన్ చేస్తే మిగిలి ఉన్న చోటు 29,638 బైట్లని చూపిస్తుంది. ఇవాళ్టి యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. అంటే అందులో పట్టేది పదివేల లోపు గుర్తులే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు, 18 బైట్లు. మీరు చదువుతున్న ఈ కథనం మొత్తాన్ని ఆ మెషీన్లో పట్టించడం కష్టం. అదే నిడివి ఇంగ్లిష్ వ్యాసాలైతే రెండు మూడు పట్టేవి.

నిద్రలో ఉన్న చిప్‌ని లేపకూడదు

డయాగ్రంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఒక రెసిస్టర్ దగ్గర. ఖరీదు చూస్తే రూపాయి కూడా చేయదు.

ల్యాబ్‌లో ఓ పీరియడంతా నొక్కిన ప్రోగ్రాం కరెంటు పోతే మాయమయ్యేది. మళ్లీ మొదటి బైటు నుంచి కొట్టాలి. కార్ట్రిడ్జ్‌కి ఆ గతి పట్టకూడదు. మెషీన్ ఆపినా, బయటికి లాగినా లోపలున్నది నిలవాలి. దానికి బటన్ సెల్ పెడతారు. ఇంతవరకూ సులువే. కానీ ఆపేసే క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా సున్నాకి పడదు, జారుతూ పడుతుంది. ఆ జారుడులో ప్రాసెసర్ లైన్ల మీద అర్థంలేని సంకేతాలు తిరుగుతాయి. ‘రాయి’ అనే లైను పొరపాటున కిందికి వస్తే, ఆ సమయానికి చిప్ మేలుకుని ఉంటే, చెత్త రాసేసుకుంటుంది. మర్నాడు ఆన్ చేస్తే ఫైలు ఉంటుంది, మధ్యలో నాలుగు బైట్లు తేడాగా ఉంటాయి. ఇలాంటి తప్పు దొరకడం మహా కష్టం.

అందుకని చిప్ సెలెక్ట్ పిన్నుని ఒక రెసిస్టర్‌తో బటన్ సెల్ వైపు కట్టేస్తారు. ఆ పిన్ను పైన ఉన్నంతసేపూ చిప్ నిద్రలో ఉంటుంది, ఎవరేం రాయమన్నా వినదు. నిద్రలో అది తాగే కరెంటు ఒకటి రెండు మైక్రోయాంపులు. సీఆర్2032 సెల్‌లో ఉండేది సుమారు 220 మిల్లీయాంప్ గంటలు. రెండు మైక్రోయాంపుల చొప్పున లెక్కేస్తే పన్నెండేళ్లు దాటుతుంది, సెల్ తనంతట తాను నీరసించేది వేరే సంగతి. 32కె మోడల్ 100 లోపలి పాత బ్యాటరీ ర్యామ్‌ని కాపాడేది ఎనిమిది రోజులని మాన్యువల్ చెప్పేది.

అయితే ఈ రెసిస్టర్‌కి రెండో ముఖం ఉంది. అవతలి కొస ఆరిపోయిన మెషీన్‌కి నేరుగా తగిలి ఉంటే కరెంటు దాని గుండా అటు కారిపోతుంది. మూడు వోల్టులు, పది కిలోఓములు అంటే 300 మైక్రోయాంపులు. పన్నెండేళ్ల సెల్ ఒక్క నెలలో ఖాళీ. కాపాడటానికి పెట్టిందే కొంప ముంచుతుంది. అందుకే మధ్యలో ట్రాన్సిస్టరో, వోల్టేజీని కనిపెట్టి దారి మూసేసే చిన్న చిప్పో పెడతారు. డిజైన్ తర్వాత డిజైన్ మారుతూ వస్తున్నది ఎక్కువగా ఇలాంటి చోట్లే. డీకోడర్ భాగం పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. పుస్తకంలో లేనిది కరెంటు పోయే ఆ క్షణం.

చరిత్ర, గబగబా

ఇంటెల్ 8085 వచ్చింది 1976లో. 1981లో ఆస్బర్న్-1 అనే ‘పోర్టబుల్’ పది కిలోల పైన ఉండేది. అదే కాలంలో ఎప్సన్ హెచ్ఎక్స్-20 చేతిలో పట్టింది. 1983లో క్యోసెరా డిజైన్‌ని రేడియో షాక్ యజమాని టాండీ, ఎన్ఈసీ, ఒలివెట్టి మూడు పేర్లతో అమ్మాయి. రోమ్ రాసింది మైక్రోసాఫ్ట్, తాను సొంతంగా ఎక్కువ కోడ్ రాసిన చివరి మెషీన్ ఇదేనని బిల్ గేట్స్ తర్వాత చెప్పుకున్నారు. మన హైదరాబాద్‌లో 1967లో ఏఎస్ రావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్, టీడీసీ-12, టీడీసీ-316 లాంటి కంప్యూటర్లు కట్టింది. అవి చంకన పెట్టుకునేవి కావు, గది నిండేవి.

*బాక్స్: మన బడుల్లో 32కె*

1984లో కేంద్రం ‘క్లాస్’ పథకం కింద దాదాపు 250 బడులకి ప్రయోగాత్మకంగా కంప్యూటర్లిచ్చింది. అవి బ్రిటన్‌లో ఏకార్న్ తయారుచేసిన బీబీసీ మైక్రోలు. వాటిలోనూ ర్యామ్ 32కె. మన పిల్లల మొదటి కంప్యూటర్ పాఠమూ, అమెరికా విలేకరి వార్తా అంతే చోటులో సర్దుకున్నాయి.

*బాక్స్: ఎవరైనా కొనాలనుకుంటే*

మోడల్ 100 లోపలి బోర్డు మీద నికెల్-కాడ్మియం బ్యాటరీ అతికించి ఉంటుంది. ఏళ్లు గడిచాక అది కారి, చుట్టూ రాగి గీతల్ని తినేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ముందు మూత విప్పి పచ్చటి మరకలున్నాయేమో చూడాలి. వాడకుండా దాచేటప్పుడు అడుగున ఉన్న మెమరీ పవర్ స్విచ్ ఆపాలి. కొందరు ఆ బ్యాటరీని తీసేసి సూపర్ కెపాసిటర్ పెడుతున్నారు.

గుజరాతీ గల్లీ దూరమే

ఇంత చేసి దీనివల్ల ప్రయోజనం ఏమిటని అడిగితే, డబ్బు లెక్కలో ఏమీ లేదు. ఆ మెషీన్ చేసే పని ఏ చవక ఫోనైనా చేస్తుంది. పాత మెషీన్ని అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోయేవాళ్ల మీద నా అనుమానం అలాగే ఉంది. ఆ మెషీన్‌కి బోర్డు గీసి, తప్పు పట్టుకుని, దిద్ది, డయాగ్రం అందరికీ ఇచ్చేసేవాడు వేరే కోవ. అతని చేతిలో ఉన్నది జ్ఞాపకం కాదు, విద్య.

ఆ విద్యకి కావలసిన సరంజామా మనకి దూరం కాదు. ఐసీలు, సాకెట్లు, జనరల్ పర్పస్ పీసీబీలకి కోఠి గుజరాతీ గల్లీ ఉంది, వారాసిగూడ నుంచి సిటీ బస్సెక్కితే సరి. మోడల్ 100 కూడా అక్కర్లేదు. బీరువాల్లో దుమ్ము పట్టిన 8085 ట్రైనర్ కిట్లు చాలు. చాలా కిట్లలో అడ్రస్, డేటా లైన్లన్నిటినీ బయటికి తెచ్చిన కనెక్టర్ ఓ పక్కన ఉంటుంది. దానికి ఒక 62256, ఒక 74138, ఒక బటన్ సెల్, ఆ రెసిస్టర్. సెమిస్టర్ ప్రాజెక్టుకి సరిపడా పని.

పరీక్ష పేపర్లో ఆ ప్రశ్న ఉండనివ్వండి, బొమ్మకి మార్కులూ ఇవ్వండి. వైవాలో మాత్రం ఎక్స్‌టర్నల్ గారు కిట్ ప్లగ్గు పీకేసి, పది నిమిషాలాగి మళ్లీ పెట్టి, ఇందాక రాసిన బైటు చూపించమనాలి. చూపించినవాడికి ఆ సబ్జెక్టు వచ్చినట్టు.