తలకు సరిపోయే హెల్మెట్



"హెల్మెట్ పెట్టుకున్నాడు సిస్టరమ్మా, కిందపడేటప్పటికే ఊడి ఎగిరిపోయింది." క్యాజువాలిటీలో బంధువులు మాతో తరచు చెప్పే మాట ఇది. వారు అబద్ధం చెప్పడం లేదు. హెల్మెట్ నిజంగానే ఉంది, కానీ అది ఆ తలకు సరిపోయేది కాదు, లేదా గడ్డం కింద పట్టీ పెట్టుకోలేదు. అందుకే ఈసారి హెల్మెట్ పెట్టుకోండి అని మాత్రమే కాక, ఎలాంటిది కొనాలో వ్రాస్తున్నాము.

హెల్మెట్ పైచిప్ప గట్టిగా ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది లోపలి థర్మోకోల్. తల ఒక్కసారిగా ఆగిపోతే మెదడు పుర్రె ఎముకకు కొట్టుకుని రక్తనాళాలు చిట్లుతాయి. థర్మోకోల్ తాను నలిగిపోతూ ఆ దెబ్బను కొంత తీసుకుంటుంది, తల కొంచెం నెమ్మదిగా ఆగుతుంది. 2008లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, ప్రమాదానికి గురైన మోటారుసైకిల్ ప్రయాణికులలో హెల్మెట్ వలన తల గాయాల ముప్పు సుమారు 69 శాతం, మరణం ముప్పు సుమారు 42 శాతం తగ్గుతాయి. అయితే దెబ్బ తగిలే క్షణంలో అది తలమీద ఉండాలి కదా!

కొనేముందు ఇంట్లోనే దర్జీ టేపుతో తల కొలుచుకోండి. కనుబొమలకు ఒక అంగుళం పైన మొదలుపెట్టి, చెవులకు పైగా, వెనుక తల ఎక్కువ ఉబ్బుగా ఉన్నచోటు మీదుగా చుట్టూ తేవాలి. హెల్మెట్ లోపల చీటీమీద 56, 58, 60 అని సెంటీమీటర్లలోగాని, 560, 580, 600 అని మిల్లీమీటర్లలోగాని సైజు ఉంటుంది. మీడియం, లార్జ్ అనే అక్షరాలను మాత్రం నమ్మవద్దు, కంపెనీనిబట్టి అవి మారుతాయి. రెండు సైజుల మధ్య ఉంటే ముందు చిన్నది పెట్టి చూడండి.

కొత్త హెల్మెట్ బుగ్గల దగ్గర కాస్త బిగుతుగా ఉండడం మంచిదే, వాడగా వాడగా స్పాంజి కొంచెం నలుగుతుంది. దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం కూడా దానితోపాటు కదలాలి. తల కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు. షాపులోనే పది నిమిషాలు పెట్టుకుని ఉండండి, షాపువారు విసుక్కున్నా సరే. తీశాక నుదుటిమీద ఒకేచోట ఎర్రగా కమిలి నొప్పిగా ఉంటే ఆ ఆకారం మీ తలకు పడదు, వేరేది చూడండి. అందరి తలలూ ఒకే గుండ్రంగా ఉండవు.

తరువాత పట్టీ బిగించి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళకు మించి పట్టకుండా చూసుకోండి. వెంట వచ్చినవారిని వెనుకనుండి హెల్మెట్ అంచు పట్టుకుని పైకి, ముందుకు తొయ్యమనండి. ముఖంమీదుగా ఊడి వచ్చేస్తే, ఎంత అందంగా ఉన్నా దాన్ని అక్కడే వదిలేయండి. రోడ్డుమీద జరిగేది కూడా అదే. 1988 మోటారు వాహనాల చట్టం కూడా హెల్మెట్ తలకు పట్టీతో గట్టిగా బిగించి ఉండాలనే చెబుతున్నది.

అక్కలకు, వదినలకు ఒక మాట. ముడి, పూలదండ ఉన్న తలమీద హెల్మెట్ సరిగా కూర్చోదు, పైకి లేచిపోతుంది. జడ కిందికి వేసుకుని, పూలు చేరాక పెట్టుకోండి.

పిల్లలకు "ఎదుగుతాడులే" అని పెద్ద సైజు కొనడం చెప్పుల విషయంలో సరే, హెల్మెట్ విషయంలో వద్దు. ఆదివారం గుడికి ఒకే బండిమీద నలుగురు వచ్చి, తండ్రి తలమీద మాత్రమే హెల్మెట్ ఉన్న కుటుంబాలను చూస్తే మాకు గుండె జల్లుమంటుంది. 9 నెలలనుండి 4 ఏళ్ళలోపు పిల్లలకు కూడా హెల్మెట్, పెద్దవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నియమం తెచ్చింది.

రోడ్డు పక్క చవకగా దొరికే టోపీలాంటివి, తాపీపనివారివి, క్రికెట్‌వి ఇందుకు పనికిరావు. ఐ.ఎస్.ఐ. గుర్తు, దానితో ఐ.ఎస్. 4151 అనే అంకె చూడండి. 2021 జూన్ నుండి ఆ గుర్తు లేనివి అమ్మకూడదు. వీలైతే గడ్డం కూడా కప్పేదే తీసుకోండి. సగం హెల్మెట్‌తో తల దక్కినా, దవడ విరిగి గంజి మాత్రమే త్రాగగలిగిన రోగులకు మేము సేవ చేశాము.

ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగున్నా మళ్ళీ వాడవద్దు. నలిగిన థర్మోకోల్ తిరిగి ఉబ్బదు. పెట్రోలు, థిన్నరుతో తుడవకండి.

సైజు సందేహం ఉన్నవారు ఓ.పి.లో సిస్టర్లను అడిగితే తల కొలిచి చీటీమీద వ్రాసి ఇస్తాము. పిల్లలను కూడా వెంట తీసుకురండి.